ముగింపు ముందే తెలుసుకుని థ్రిల్లర్ చూసేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?

చివరిపేజీ (ప్రశ్న)

థ్రిల్లర్ చూసే ముందు దాని కథ మొత్తం చదివేయడం నా అలవాటు. హంతకుడు ఎవరు, ఎందుకు చంపాడు, చివరికి ఎవరు మిగిలారు, అన్నీ తెలుసుకున్నాకే ప్లే నొక్కుతాను. మా తమ్ముడికి ఈ పద్ధతి అస్సలు గిట్టదు. "అక్కా, నువ్వు సినిమా చూడట్లేదు, జవాబులు పక్కన పెట్టుకుని పేపర్ దిద్దుతున్నావు" అంటాడు. ఇంట్లో ఈ వాదన ఎంతకీ తెగడం లేదు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

నా వైపు కారణం ఇదీ. ఎవరు చేశారు అన్న ప్రశ్న బుర్రలో తిరుగుతున్నంతసేపూ నాకు ఇంకేదీ ఎక్కదు. ప్రతి ముఖాన్నీ అనుమానంగా చూడటం, ప్రతి మాటలో ఆధారం వెతకడం, వీటితోనే రెండు గంటలూ అయిపోతాయి. ఆ ప్రశ్నను ముందే తీసి పక్కన పెడితే అప్పుడు మనుషులు కనిపిస్తారు. అబద్ధం చెప్పేవాడు చెప్పే ముందు ఎక్కడ ఆగాడు, ఎవరి వంక చూడకుండా తప్పించుకున్నాడు, రచయిత ఏ మాటను రెండు అర్థాలు వచ్చేలా రాశాడు, ఇవన్నీ నాకు ట్విస్ట్ కన్నా ఎక్కువ ఇష్టం.

'ఎవరు' (2019) సంగతే తీసుకోండి. చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి. 2016లో వచ్చిన ఒక స్పానిష్ సినిమా దీనికి మూలం, హిందీలో అదే కథ 'బద్లా'గా వచ్చింది. మూడింటికీ ఆయువుపట్టు ఒకటే. కేసులో ఇరుక్కున్న మనిషికి సాయం చేస్తానని వచ్చి ఎదురుగా కూర్చున్న వ్యక్తి, తాను ఎవరినని చెప్పుకున్నాడో ఆ వ్యక్తి కాదు. ఇది తెలియకుండా చూస్తే ఆ గదిలో జరిగే మాటలన్నీ కేసు గెలవడానికి సన్నాహంలా ఉంటాయి. తెలిసి చూస్తే ఒక్కో ప్రశ్నా ఒక్కో వల. చెప్పిందే మళ్లీ ఎందుకు చెప్పించుకుంటున్నారు, ఏ వివరం దగ్గర గొంతు మారింది, ఎదుటి మనిషి అబద్ధం ఆడుతుంటే ఈ మనిషి కళ్లలో కనిపించేది విసుగా, ఏడుపా? నాకు ఆ సినిమా అంతా అదే. ఏమీ తెలియకుండా చూసుంటే ఇందులో సగం నా కంట పడేది కాదు.

అదే పద్ధతిలో చూస్తే కొన్ని సినిమాలు నిలబడవు. వాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఒకటుంది. చివర్లో హంతకుడని తేలిన మనిషి, అంతకుముందు ఒక సీన్‌లో గదిలో ఒంటరిగా కూర్చుని చనిపోయినవాళ్ల ఫొటో పట్టుకుని ఏడుస్తాడు. ఎవరి కోసం ఏడుస్తున్నాడు? గదిలో ఎవరూ లేరు. పోలీసులు లేరు, చుట్టాలు లేరు. అంటే మన కోసం ఏడుస్తున్నాడు. మనల్ని నమ్మించడానికి ఆ పాత్ర తన స్వభావాన్నే వదులుకుంది. పశ్చాత్తాపం అనుకుందామంటే తర్వాత ఎక్కడా దాని ఊసే ఉండదు. తెలియకుండా చూసినవాళ్లు ఈ సీన్‌ను మర్చిపోతారు. నేను మర్చిపోలేను.

ఇక హారర్. అసలు నా ప్రశ్న దీని గురించే. ఇక్కడ నా పద్ధతి పనిచేయడం లేదు. దెయ్యం ఎవరిదో తెలుసు, ఎందుకు తిరుగుతోందో తెలుసు, బీరువా అద్దం తలుపు మూయగానే వెనక ముఖం కనిపిస్తుందనీ తెలుసు. అయినా ఆ క్షణం వచ్చేసరికి ఎగిరిపడతాను. ఒక్కోసారి తెలిసినందువల్లే ఇంకా ఎక్కువ భయపడుతున్నానేమో అనిపిస్తుంది. థ్రిల్లర్‌లో తెలిస్తే తగ్గే టెన్షన్ హారర్‌లో ఎందుకు తగ్గదు? ముగింపు తెలిశాక కూడా నిలబడే సినిమాలు మీకు తెలిసినవి ఉంటే అవీ చెప్పండి, ఎందుకు నిలబడ్డాయో కూడా చెప్పండి.


ఫస్ట్‌షో

మీ తమ్ముడి పక్షాన మాట్లాడతానండీ.

మొదటిసారి చూడటం అనేది ఒక్కసారే దొరుకుతుంది. రెండోసారి, మూడోసారి ఎప్పుడైనా చూసుకోవచ్చు. మీరు చెప్పిన ఆనందం, అదే ఎక్కడ దాచారో గమనించే ఆనందం, అదంతా రెండోసారికి ఉంటుంది, ఎక్కడికీ పోదు. మీరు మాత్రం నేరుగా రెండోసారి నుంచి మొదలుపెడుతున్నారు. మొదటిది ఇక ఎప్పటికీ రాదు.

తీసినవాళ్లు దీని గురించి ఎంత పట్టుదలగా ఉన్నారో చూడండి. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవరినీ లోపలికి పంపకూడదని దర్శకుడు హిచ్‌కాక్ షరతు పెట్టాడు. అప్పటి ప్రేక్షకులు మధ్యలో వచ్చి కూర్చుని, తర్వాతి ఆటలో మొదటి భాగం చూసి వెళ్లిపోవడం మామూలే. ఈ సినిమాను అలా చూడటానికి వీల్లేదు. కథానాయిక అనుకున్న మనిషి సగం కూడా కాకముందే చనిపోతుంది. ఆలస్యంగా వచ్చినవాడు ఆవిడ కోసం చివరిదాకా ఎదురుచూస్తూ కూర్చుంటాడు. అంతకు ఐదేళ్ల ముందు ఫ్రాన్స్‌లో క్లూజో తీసిన 'లే డయాబొలిక్' ఇంకో అడుగు ముందుకు వేసింది. సినిమా అయిపోయాక తెర మీద అక్షరాలు వస్తాయి, మీరు చూసింది మీ స్నేహితులకు చెప్పి వాళ్ల ఆసక్తి పాడుచేయకండి అని. లండన్‌లో 1952లో మొదలైన అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్' చివర్లోనూ ప్రేక్షకులను ఇదే కోరతారు. ఇంతమంది ఇంతగా అడిగారంటే అది ప్రచారం కోసమే కాదు. వాళ్లు కథ కట్టింది తెలియని మనిషి కోసం.

ఇంకో మాట. తెలియకుండా చూసినప్పుడు మనం తప్పుగా అనుమానిస్తాం చూడండి, నాకు దాని విలువ చాలా పెద్దది. 'కహానీ' (2012) చూసినవాళ్లకు తెలుసు. చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి. భర్తను వెతుక్కుంటూ వచ్చిన నిండు గర్భిణి. ఆవిడ మీద మనకు జాలి, గౌరవం, ఏమవుతుందో అన్న బెంగ. అనుమానం మాత్రం రాదు. చివర్లో ఆ గర్భం నిజం కాదని తేలినప్పుడు మోసపోయింది ఆ కథలోని పోలీసులు మాత్రమే కాదు, నేను కూడా. గర్భిణి అబద్ధం ఆడదని నాకు ఎవరు చెప్పారు? నాలో ఉన్న ఆ నమ్మకాన్నే ఆ కథ వాడుకుంది. తెలుగులో 2014లో 'అనామిక'గా తీసినప్పుడు శేఖర్ కమ్ముల ఆ గర్భాన్నే తీసేశారు. హిందీ చూసినవాళ్లకు కొత్తదనం ఉంటుందనుకుంటే అది సరే. కానీ నా లోపలి నమ్మకం మీద పడే దెబ్బ కూడా దాంతోపాటే పోయింది. మీరు ముందే చదివి చూస్తే మీకూ ఆ దెబ్బ తగలదు. అది పోగొట్టుకోవడం నాకైతే పెద్ద నష్టంలా కనిపిస్తుంది.


చివరిపేజీ

మీ 'కహానీ' మాట బలంగా ఉంది. ఆ దెబ్బ నాకు తగలలేదు, నిజమే. నాకు దొరికింది వేరేది. ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు ముఖంలో ఉన్న బరువు నాకు ముందునుంచీ కనిపించింది, కడుపు చూసి జాలిపడేవాళ్లందరి మధ్యా ఆవిడ ఎంత ఒంటరిదో కనిపించింది. భర్త పోయిన దుఃఖం నిజం, కడుపు అబద్ధం. ఆ రెండూ ఒకే ఒంట్లో ఉండటం చూస్తూ కూర్చోవడం నాకు చిన్న అనుభవం కాదు.

హిచ్‌కాక్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. 'వర్టిగో' (1958) సంగతేంటి? మూల నవలలో రహస్యాన్ని చివరిదాకా దాచారు. సినిమాలో మాత్రం ముగింపుకు చాలా ముందే కథానాయిక కూర్చుని నిజమంతా ఉత్తరంగా రాస్తుంది, రాసి చించేస్తుంది. నాయకుడికి తెలియదు, మనకు తెలిసిపోయింది. అక్కడినుంచి ఈమె ఎవరు అన్న ప్రశ్న పోయి, అతనికి తెలిసిన రోజు ఈమె గతేమిటి అన్న భయం మొదలవుతుంది. అంటే సాక్షాత్తూ హిచ్‌కాకే స్పాయిలర్ ఇచ్చాడు. 'లే డయాబొలిక్', 'వర్టిగో' రెండింటికీ మూల నవలలు రాసింది ఒకే ఇద్దరు, బ్వాలో, నార్సెజాక్. ఒకే చేతి కథలను ఒక దర్శకుడు చివరి అక్షరం దాకా దాచి గెలిచాడు, ఇంకొకడు మధ్యలోనే విప్పి గెలిచాడు.

బల్ల కింద బాంబు సంగతి కూడా ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫోతో మాటల్లో హిచ్‌కాక్ చెప్పిందే. ఇద్దరు మాట్లాడుకుంటుండగా బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు 15 సెకన్లు ఉలిక్కిపడతాడు. అదే బాంబు ఉందని అతనికి ముందే చెప్తే, ఆ పనికిరాని కబుర్లను కూడా 15 నిమిషాలు ఊపిరి బిగబట్టి వింటాడు. నేను చేసేది అదే కదా? బాంబు ఎక్కడుందో నాకు నేనే చెప్పుకుంటున్నాను.

2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు 12 చిన్న కథలతో ఒక ప్రయోగం చేశారు. ముగింపు ముందే తెలిసిన పాఠకులు కథ ఎక్కువ నచ్చిందన్నారు. తర్వాత వేరేవాళ్లు చేసిన కొన్నింటిలో ఫలితం తిరగబడింది, పైగా అవి కథలు, సినిమాలు కావు. అందుకని దాన్ని పట్టుకుని వాదించను. నాలాంటివాళ్లు ఉన్నారని మాత్రం తెలిసింది.

హారర్ ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.


నిశ్శబ్దం

ఆ జవాబు నేను చెప్తాను. చిన్న సినిమాలకు సౌండ్ ఎడిటింగ్ చేస్తుంటాను, ఇలాంటి క్షణాలు తయారుచేయడం నా పనిలో భాగం.

చివరిపేజీ గారూ, మీరు ఎగిరిపడేది దెయ్యానికి కాదు, శబ్దానికి. హఠాత్తుగా పెద్ద శబ్దం వినిపిస్తే రెప్పలు మూసుకుంటాయి, మెడ, భుజాలు బిగుసుకుంటాయి. ఇది మెదడు అడుగుభాగం నుంచి వచ్చే స్పందన. ఆలోచించే భాగానికి కబురు చేరేలోపే జరిగిపోతుంది. మీరు చదివిన కథ ఉండేది ఆ ఆలోచించే భాగంలో. అందుకే అది మిమ్మల్ని కాపాడలేదు. థ్రిల్లర్‌లో టెన్షన్ ఒక ప్రశ్న నుంచి వస్తుంది, జవాబు తెలిస్తే పోతుంది. ఇక్కడ పోవడానికి ప్రశ్నంటూ లేదు.

తెలిసినందువల్లే ఎక్కువ భయపడుతున్నానేమో అన్నారే, అది నూటికి నూరుపాళ్లు నిజం. మామూలుగా కూర్చున్న మనిషికన్నా, ఏదో కీడు జరగబోతోందని బిగుసుకుని ఉన్న మనిషి అదే శబ్దానికి ఎక్కువ ఉలిక్కిపడతాడు. ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు రుజువైన విషయం ఇది. బీరువా తలుపు దగ్గరకు రాగానే మీ ఒళ్లు ముందే బిగుసుకుంటుంది. మేం వేసిన శబ్దానికి మీరే బలం ఇస్తున్నారు.

మేం చేసే పని ఎక్కువగా ఆ శబ్దం మీద ఉండదు, దానికి ముందున్న నిశ్శబ్దం మీద ఉంటుంది. పెద్ద శబ్దానికి సరిగ్గా ముందు చిన్న శబ్దం ఏదైనా వినిపిస్తే ఉలికిపాటు తగ్గిపోతుంది. అందుకని ఆ కొద్ది క్షణాల్లో ఒక్కోటే తీసేస్తాం. ముందు సంగీతం పోతుంది. తర్వాత కీచురాళ్లు, ఫ్యాన్ చప్పుడు. ఆఖరికి పాత్ర ఊపిరి మాత్రం మిగులుతుంది. అది కూడా ఆగిన చోట మీకు చెవుల్లో ఒక ఖాళీ తెలుస్తుంది చూడండి, అక్కడే మీరు దొరికిపోతారు.

1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'లో ఈ పద్ధతి మొదటి రూపం ఉంది. రాత్రిపూట ఒక అమ్మాయి నడుస్తుంటుంది, వెనక ఇంకొకరి అడుగుల చప్పుడు. కాసేపటికి వెనక అడుగులు ఆగిపోతాయి. ఆమె నడక వేగం పెరుగుతుంది. ఏదో మీద పడబోతోందనుకునే క్షణంలో బుస్సుమంటూ చప్పుడు. చూస్తే అది బస్సు, ఆమె ముందు వచ్చి ఆగింది. అంతే, అక్కడ మృగమూ లేదు, దెయ్యమూ లేదు. ఆ సినిమా నిర్మాత వాల్ లూటన్. ఇప్పటికీ ఇలాంటి బూటకపు భయాన్ని ఆయన పేరుతో 'లూటన్ బస్' అంటారు. చప్పుడుకు నిజమైన కారణం ఉండటం నాకు అందులో నచ్చుతుంది. బస్సు బ్రేకు నిజంగానే అలా బుసకొడుతుంది. ఇప్పుడు చాలా సినిమాల్లో పిల్లి దూకినా, స్నేహితుడు భుజం మీద చెయ్యి వేసినా, ఉరుము లాంటి మోత వేస్తున్నారు. చెయ్యి వేస్తే అంత శబ్దం ఎలా వస్తుంది? అడిగి మరీ వేయించుకుంటారు, మేం వేస్తాం. నాకు మాత్రం అది అన్యాయంగానే తోస్తుంది.

మీకు నిజంగా భయం తగ్గాలంటే కథ చదవకండి, సౌండ్ తగ్గించండి. ఫోన్ స్పీకర్‌లో చూసినా చాలా తేడా ఉంటుంది. ఛాతీలో అదురులా తెలిసే లోతైన శబ్దాలు ఆ చిన్న స్పీకర్ నుంచి బయటికే రావు. పూర్తిగా మ్యూట్ చేసి చూస్తే అదే బీరువా సీన్ మిమ్మల్ని కదిలించదు. 'సైకో' స్నానాల గది సీన్‌కు మొదట సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్ల లాంటి తీగవాద్యాలు మాత్రమే వాడి చేసి వినిపించాక మనసు మార్చుకున్నాడు. ఆ రెండు రకాలుగానూ చూసి పోల్చుకోండి, తెలుస్తుంది.


సీరియల్‌పాఠకురాలు

అమ్మాయీ, నేను నీకన్నా బాగా పెద్దదాన్ని అయ్యుంటాను, నువ్వు అంటున్నాను ఏమీ అనుకోకు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదువుతూ పెరిగినదాన్ని. అవి చేతులు మారి మారి మా దగ్గరకు వచ్చేవి, ఒక్కోదానికి ఆఖరి కాగితాలు చిరిగిపోయి ఉండేవి. అందుకని హంతకుడెవరో మేమే తేల్చుకోవాల్సి వచ్చేది. నాకు ఇప్పటికీ ముందే తెలుసుకోవాలని ఉండదు, తేల్చుకోవాలని ఉంటుంది.

తేల్చుకోనివ్వడం రాసినవాడి బాధ్యత. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు రచయిత, ఆయన మతగురువు కూడా, డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే మనకు పరిచయం కావాలి. దెయ్యాలు, మహిమలు పరిష్కారంలోకి రాకూడదు. రహస్య మార్గం ఉంటే ఒక్కటే. కవలలు ఉంటే ముందునుంచీ పాఠకుడికి ఆ సూచన ఉండాలి. ఈ కవలల నియమం మన సినిమాలకు ఎంత అవసరమో చెప్పక్కర్లేదు! చివరి రీలులో ఒక అన్నో తమ్ముడో ఊడిపడితే నేను టీవీ కట్టేస్తాను.

నాకు ఈమధ్య బెంగ ఏమిటంటే, కథ చెప్పకుండానే అన్నీ తెలిసిపోతున్నాయి. పేరున్న నటుడు పక్కింటి డాక్టరుగానో, ఇంటి మేనేజరుగానో వచ్చి రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయాడంటే అతనే. అంత మంచి నటుణ్ని ఆ రెండు మాటల కోసం పిలవరు కదా. ఎవరినో అరెస్టు చేసి కేసు తేలిపోయిందంటారు, కింద గీత చూస్తే ఇంకా 40 నిమిషాలు మిగిలి ఉంటుంది. అంటే ఇతను కాదు. అన్నిటికన్నా ఘోరం కింద వచ్చే అక్షరాలు. నాకు చెవి కొంచెం మందం, అవి లేకుండా చూడలేను. ముసుగు మనిషి ఫోన్‌లో బెదిరిస్తుంటాడు, గొంతు కూడా మార్చేసి ఉంటుంది, కింద మాత్రం ఆ పాత్ర పేరు వేసి పక్కన మాట వేస్తారు. దర్శకుడు రెండు గంటలు దాచింది అక్షరాలు పెట్టినవాళ్లు పదో నిమిషంలో ఇచ్చేశారు. 'గొంతు' అనో 'ముసుగు మనిషి' అనో వేస్తే సరిపోతుంది కదా? వినపడనివాళ్లకు మాత్రం ట్విస్ట్ వద్దా? ఎవరైనా ఈ పని చేసేవాళ్లు ఇది చదివితే దయచేసి గుర్తుపెట్టుకోండి.

నీ ఒంటరి గదిలో ఏడుపు మాట మాత్రం నా మనసుకు తగిలింది. నాక్స్ గారి పదిలో అది లేదు, ఉండాల్సింది.


రెండోసగం

హారర్‌లో ముగింపు తెలిసినా నష్టం లేకపోవడానికి ఇంకో కారణం నేను చెప్తా. చాలావాటిలో ముగింపు ఒకటే. ఇంటర్వెల్ దాకా తలుపులు, నీడలు, బొమ్మలు. ఇంటర్వెల్ తర్వాత ఒక స్వామీజీయో ఫాదరో వచ్చి అరగంట ఫ్లాష్‌బ్యాక్ చెప్తారు. ఆ అమ్మాయికి అన్యాయం జరిగింది, పగ తీర్చుకుంటోంది. అక్కడితో నా భయం పోతుంది. దెయ్యానికి కారణం, పేరు, చిరునామా తెలిశాక జాలి వస్తుంది తప్ప భయం రాదు. జాలి తప్పని కాదు, కానీ నేను కూర్చున్నది భయం కోసం.

ఫ్లాష్‌బ్యాక్ ఉండి కూడా గెలిచింది 'మణిచిత్రతాళ్' (1993). మనకు 'చంద్రముఖి'గా వచ్చిన కథకు మలయాళ మూలం. చూడనివాళ్లు ఇక్కడ ఆపేయండి. నాగవల్లి కథ అందులో ముందే వచ్చేస్తుంది, పాత ఇంటి గురించి చెప్పుకునే కథలాగా. అప్పుడు దాన్ని ఎవరూ ఆధారం అనుకోరు. ఆ కథను అంత ఇష్టంగా పట్టించుకున్నది ఎవరో తర్వాత గుర్తొస్తుంది. దెయ్యం అసలు లేనే లేదు, ఆ కథ ఒకరి మనసులోకి వెళ్లి కూర్చుంది. నేను అది ఎన్నిసార్లు చూసినా శోభన ముఖం మారే సీన్ వచ్చేసరికి చేతులు చల్లబడతాయి. చివరిపేజీ గారి లిస్టుకు ఇది నా తరఫున.


చివరిపేజీ

నిశ్శబ్దం గారూ, మీ జవాబు నాకు చాలా సాయం చేసింది. రాత్రి అదే బీరువా సీన్ మ్యూట్‌లో చూశాను. ఏమీ కాలేదు. ముఖం కనిపించింది, మేకప్ కూడా కనిపించింది. తర్వాత సౌండ్ పెట్టి చూశాను, ఎగిరిపడ్డాను. ఇప్పుడు నా ఫిర్యాదు మారింది. కథ బలం లేని సినిమా కూడా ఈ శబ్దంతో నన్ను ఎగిరిపడేలా చేయగలదు కాబట్టి, నేను ఎగిరిపడటాన్ని ఆ సినిమాకు మార్కులుగా వేయకూడదు. మర్నాడు పగలు కూడా గుర్తొచ్చి భయపెడుతోందా లేదా, నాకు అదే లెక్క.

పెద్దమ్మగారూ, సబ్‌టైటిల్స్ మాట వందశాతం నిజం. దాచిన పేరును అక్షరాల్లో బయటపెట్టడం మీలాంటివాళ్లకు చేసే అన్యాయం. నేను కోరి తెలుసుకుంటున్నాను, మీకు అడగకుండా చెప్తున్నారు. ఆ రెండూ ఒకటి కావు. అందుకే నేను చదివింది మాత్రం ఎవరికీ చెప్పను, మా తమ్ముడికి అస్సలు చెప్పను.

నా లిస్టులో మొదటిది 'దృశ్యం'. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీశారు, మరుసటి ఏడు తెలుగులో వెంకటేష్‌తో వచ్చింది. చంపింది ఎవరో, ఎందుకు జరిగిందో, ఎలా జరిగిందో అన్నీ మన కళ్ల ముందే జరుగుతాయి. అప్పుడే ముగింపు చదివిన నాలాంటి మనిషి స్థితిలోకి ప్రేక్షకులందరినీ తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆ తర్వాత రెండు గంటలు ఎవరూ కదలలేదు. నాయకుడు తన కుటుంబం బస్సులో, హోటల్లో, సినిమా హాల్లో కనిపించిన రోజును ఊళ్లోవాళ్ల జ్ఞాపకంలోనే జరిపేస్తాడే, అక్కడ దాచింది ఏమీ లేదు, మనం అతని పక్కనే ఉన్నాం. అయినా ఆ కానిస్టేబుల్ అతని చిన్నకూతుర్ని అడుగుతుంటే నాకు చెమటలు పట్టాయి.


ఫస్ట్‌షో

'దృశ్యం' నా వైపు సాక్షి అండీ, మీ వైపు కాదు.

అన్నీ చెప్పాడు, ఒక్కటి తప్ప. చూడనివాళ్లు ఆగండి. శవం ఎక్కడుందో చెప్పలేదు. అన్నీ తెలుసన్న ధైర్యంతో మనం కూర్చున్నాం కాబట్టే, కొత్త పోలీస్ స్టేషన్ నేల కింద ఉందని ఆఖరి క్షణాల్లో చూపించినప్పుడు హాలంతా ఒక్కసారి లేచింది. ఆ అరుపు నేను విన్నాను. అంతసేపు పోలీసులు శవం కోసం వెతికిన చోటల్లా మనసులో తిరిగింది, నాయకుడు ఆ కట్టడం దగ్గర నిలబడిన సీన్లు కూడా. ఇంటికి వచ్చాక కూడా తిరుగుతూనే ఉంది. మీరు అది ముందే చదివి చూశారు.

ఒక్కటి చేసి చూడండి. ఈసారి హంతకుడి పేరు చదవండి, టెన్షన్ తగ్గుతుంది, సరే. కానీ చివరి పది నిమిషాల కథ చదవకుండా వదిలేయండి.


చివరిపేజీ

పేరు వరకు చదివి ఆగడం నాకు ఎప్పుడూ తోచలేదు. 'మణిచిత్రతాళ్' ఎలాగూ తెలిసిపోయింది, కాబట్టి అది కాకుండా ఇంకేదైనా ఒకటి చెప్పండి. హంతకుడి పేరు మీరే ఇక్కడ రాయండి, మిగతాది రాయకండి. ఆదివారం చూస్తాను.